బొమ్మ చెప్పిన కొలత

మా మరిదికి నకిరేకల్‌లో ఫ్లెక్సీల దుకాణం ఉంది. మా పాప పుట్టువెంట్రుకల ఫంక్షన్‌కు పెద్ద ఫ్లెక్సీ కొట్టిస్తానని డిజైన్ చేసి నాకు పంపాడు. అప్పటికి నేను ప్రసూతి సెలవు ముగించుకుని, ఇంటి నుంచే మళ్లీ పనిలో చేరాను. చిన్న దవాఖానల కోసం మా కంపెనీ తయారు చేస్తున్న ప్రోగ్రాంను పరీక్షించడం నా పని. పేషెంట్లు ఫోన్ నుంచి పంపే ఎక్స్‌రేలు, రిపోర్టులు అందులో వాళ్ల వివరాల పక్కనే కనిపిస్తాయి. చేతికి వేరే ఫొటో అందక, మరిది పంపిన బొమ్మనే అందులో వేశాను. ప్రోగ్రాం టక్కున మూసుకుపోయింది. మళ్లీ వేశాను. మళ్లీ అంతే.

మరిదికి ఫోన్ చేశాను.

"ఏం చేసినవ్ గీ బొమ్మకు?"

"ఏం చేస్త వదినా? నీ బిడ్డ మొఖం మంచిగ రావాలెనని పెండ్లి ఆల్బమ్ క్వాలిటీ పెట్టిన. ఫ్లెక్సీ సైజుకు గదే క్వాలిటీ పెడితే నా మిషినే మూలుగుతాంది."

ఫ్లెక్సీని జనం దూరం నుంచి చూస్తారు కాబట్టి దానికి అంత నాణ్యత అక్కర్లేదు. అతను అడుగుల కొలతకు ఆల్బమ్ నాణ్యత కలిపాడు. చాలా భాగం ఒకటే పసుపు రంగు కావడంతో ఫైల్ చిన్నగానే ఉంది. విప్పితే మాత్రం కొండంత.

విప్పే కోడ్ మేం రాసింది కాదు. ఎవరో రాసి అందరికీ ఉచితంగా ఇచ్చారు. అలాంటి దాన్ని లైబ్రరీ అంటాం. ప్రతి బొమ్మ ఫైల్ మొదట్లో పొడవు, వెడల్పు రాసి ఉంటాయి. లైబ్రరీ ఆ రెండింటినీ గుణించి, మెమరీలో అంత జాగా తీసుకుని, రంగులు అందులో పోస్తుంది. మరిది బొమ్మ విషయంలో గుణిస్తే వచ్చిన సంఖ్య దానికి కేటాయించిన గడిలో పట్టలేదు. బండి మీటర్ అన్నీ తొమ్మిదులయ్యాక సున్నాలకు తిరిగినట్టు, లెక్క మొదటికొచ్చి చిన్న సంఖ్య తేలింది. లైబ్రరీ దాన్నే నమ్మి చిన్న జాగా తీసుకుంది. అది నిండినా ఆగకుండా, పక్కన ఉన్నవాటి మీద రాసుకుంటూ పోయింది. దీన్నే బఫర్ ఓవర్‌ఫ్లో అంటారు. కాలేజీలో పరీక్ష కోసం బట్టీ పట్టాను గానీ, కళ్లతో చూడటం అదే మొదటిసారి.

మరిది తెలియక చేశాడు. అదే పని తెలిసి చేసేవాడు ఉంటే? పక్క జాగాలో ఏం రాయాలో వాడే ఎంచుకోవచ్చు. మా ప్రోగ్రాం వచ్చిన ప్రతి బొమ్మనూ ఎవరూ నొక్కకుండానే తెరుస్తుంది. ఒక్క ఫొటో పంపి దవాఖాన కంప్యూటర్‌ను గుప్పిట్లోకి తీసుకోవచ్చు.

మా టీమ్ లీడ్‌కు చెప్పాను. వచ్చే వారమే ప్రోగ్రాం విడుదల.

"దవాఖానకు ఫ్లెక్సీ ఎవడు పంపుతడమ్మా? గా సంగతి పక్కకు పెట్టు."

"ఉత్తగ మూసుకపోవుడు కాదు సార్. గోడకు కంత పడ్డట్టే."

"చిన్న పాప గదా, నిద్ర లేక నీకన్నీ భయాలే కనవడుతున్నయి."

నాకు భయాలు ఎక్కువే. పాప ఊపిరి వినడానికి, ఇది రాస్తూ కూడా మధ్యమధ్యలో లేచి వెళ్తున్నాను. కానీ ఈ విషయంలో నాది భయం కాదు. నాకు తెలుసు.

పాప పడుకున్నప్పుడల్లా కూర్చుని ఒక చిన్న బొమ్మ ఫైల్ తయారు చేశాను. అది తన కొలత గురించి అబద్ధం చెబుతుంది. అందులోంచి పొంగి పొర్లేది సరిగ్గా పేషెంట్ పేరున్న జాగాలో పడేట్టు చేయడానికి చాలా తిప్పలు పడ్డాను. ఎన్ని ఫైళ్లు పాడు చేశానో లెక్క లేదు.

అత్తమ్మ చూసి చూసి అడిగింది: "మంచియి ఖరాబ్ చేసుటానికి గూడ జీతమిస్తరానే?"

"ఖరాబ్ చేస్తెనే ఇస్తరు అత్తమ్మా."

టీమ్ అంతా ఉన్న వీడియో కాల్‌లో లీడ్‌ను అడిగాను. "సార్, పేషెంట్ పేరు కాడ మీ పేరు కొట్టుండ్రి. బొమ్మ పంపుతున్న. ఇగ మీరేం ముట్టకుండ్రి."

బొమ్మ చేరింది. తెర మీద ఆయన పేరు పోయి, ఆ జాగాలో నేను బొమ్మలో దాచిన "మేకపిల్ల" అన్న మాట వచ్చింది. ఎవరో కిసుక్కున నవ్వి మైక్ ఆపేసుకున్నారు.

"ఇది... బొమ్మ రాసిందా?"

"బొమ్మనే సార్. గీ జాగల మందు పేరుంటే మందు మారుతది."

ఆయన "విడుదల ఆపుతున్న. సరిజేసుడు గూడ నువ్వే చూడు," అన్నాడు.

సరిచేయడానికి కోడ్‌లో నాలుగు వరుసలు సరిపోయాయి. గుణించే ముందే, వచ్చే సంఖ్య గడిలో పట్టుతుందో లేదో చూడాలి. పట్టకపోతే ఆ బొమ్మను తెరవకూడదు. ముందు బయట ఎవరికీ చెప్పకుండా లైబ్రరీ నడిపేవాళ్లకు రాశాను. వాళ్లు ఒప్పుకుని తమ కోడ్‌లోనూ మార్చారు. ఆ తర్వాతే మా ప్రోగ్రాం బయటికి వెళ్లింది.

కొన్ని నెలలకు పాపకు టీకా వేయించడానికి వెళ్తే, దవాఖాన కౌంటర్ మీద మా ప్రోగ్రామే కనిపించింది. విడుదలకు ముందు ట్రయల్ కోసం కొన్ని దవాఖానలకు ఇచ్చిన, కంత ఉన్న కాపీ ఇదేనేమోనని అనుమానం వచ్చింది.

"అన్నా, జర గా మూలకు నొక్కవా? వెర్షన్ నంబర్ చూడాలె."

కౌంటర్ అతను నన్నూ, పాపనూ మార్చి మార్చి చూశాడు. "సూది పాపకా మేడం, కంప్యూటర్‌కా?"

వెనక లైన్లో ఉన్నవాళ్లు నవ్వారు.

"ఇద్దరికి. ముందుగాల దానిది చూపియ్."

విసుక్కుంటూనే నొక్కాడు. కంత పూడ్చిన తర్వాతి నంబరే ఉంది. పాపను చంకకెత్తుకుని సూది గదిలోకి నడిచాను.