రెండు వేళ్ల మట్టి

మట్టి మాస్టారంటే ఆ కార్ల కంపెనీలో తెలియనివాళ్లు లేరు. బడిలో పాఠాలు చెప్పే మాస్టారు కాదు లెండి. కొత్త కారు కాగితం మీంచి దిగగానే, అసలు కొలతల్లో దాన్ని మట్టితో చేసి నిలబెట్టేది ఆయనే. వేడిచేసిన మట్టిని అరచేత్తో అదిమి, రేకుతో గీకి, కళ్లు మూసుకుని తడిమేవాడు. వెంట్రుకవాసి తేడా ఉన్నా ఆ చేతికి తెలిసిపోయేది. ముప్పై ఏళ్లు అదే పని. ఇంట్లో మంచినీళ్ల గ్లాసు ఇచ్చినా ముందు దాని వంపు తడిమి చూసేవాడు, మహానుభావుడు.

ఆయన సరంజామాలో ఒక చెక్కబొమ్మ ఉండేది. పేరు బుడ్డి. నాలుగేళ్ల పిల్లంత ఎత్తు. ప్రతి నమూనాకీ ముందు మూలన బుడ్డిని నిలబెట్టి, తను డ్రైవరు సీట్లో కూర్చుని చూసేవాడు. కనబడితే "బాగున్నావే బుడ్డీ" అని దిగేవాడు. ఎవరో చెప్పిన పని కాదది, ఆయన పిచ్చి.

ఆయన చేసిన ఆఖరి కారు మొదటి నమూనా చూసి అందరూ ముక్కున వేలేసుకున్నారు. పెద్ద చక్రాలు, పల్చటి పైకప్పు, ముందద్దానికీ తలుపుకీ మధ్య స్తంభం ఉందా లేదా అన్నంత సన్నం. నమూనాకేం, ఎన్ని సోకులైనా పడుతుంది. ఫ్యాక్టరీకి వెళ్లేలోపు అసలు కథ మొదలవుతుంది. రేకు అలా వంగదన్నారు, వంపు పోయింది. ఖర్చన్నారు, చక్రాలు చిన్నవయ్యాయి. ఆఖరికి ఇంజనీరమ్మ వచ్చి, "కారు బోర్లాపడితే పైకప్పు నలిగిపోతుంది మాస్టారూ, స్తంభం లావెక్కాలి" అంది.

ఆవిడ మాటా అబద్ధం కాదు. రెండు వేళ్ల మందం మట్టి ఆయనే అంటించాడు, ఆయనే నునుపు చేశాడు. తర్వాత సీట్లో కూర్చుని చూస్తే బుడ్డి లేదు. ఎవరో తీసేశారనుకుని దిగి వెళ్లాడు. పెట్టినచోటే ఉంది. మళ్లీ కూర్చున్నాడు, మళ్లీ మాయం. లావెక్కిన స్తంభమే దాన్ని కప్పేస్తోందని ఇంజనీరమ్మని పిలిచి చూపించాడు.

"నడిపేవాళ్లు కాస్త అటూ ఇటూ వంగి చూసుకుంటారు లెండి. ఖరీదైన రకంలో కెమెరా కూడా పెడుతున్నాం" అంది ఇంజనీరమ్మ.

"మరి చవక రకం కొన్నవాళ్లకి?"

"పెద్దసారుని అడగండి. రేపు చూడ్డానికి వస్తున్నారుగా."

అడగాలనే వెళ్లాడు. ఇంటి నుంచి దారి పొడుగునా మాటలు కూడబెట్టుకునే వెళ్లాడు. కానీ గుమ్మంలోనే మేనేజరు, "ఆ బొమ్మని లోపల పడేయండి మాస్టారూ. పెళ్లికెళ్తూ పిల్లిని చంకనబెట్టుకున్నట్టు, ఇవాళ అదెందుకు?" అన్నాడు. అంతే, బుడ్డిని ఎత్తుకెళ్లి సామాన్ల గదిలో గోడవైపు తిప్పి పెట్టాడు. పెద్దసారు సీట్లో కూర్చుని, "ఎవరైనా ఏమైనా చెప్పాలా?" అని అడిగాడు కూడా. మాస్టారు అంతమంది చదువుకున్నవాళ్ల మధ్య మనకెందుకులే అనుకున్నాడు. అడిగినప్పుడు పెగలని నోరు ఉండి ఎందుకండీ, తగలెయ్యనా!

రెండేళ్లు గడిచాయి. మాస్టారు రిటైరయ్యాడు. కారు వీధుల్లోకి వచ్చింది. అది ఎదురైనప్పుడల్లా తల తిప్పుకునేవాడు. మలుపుల్లో చిన్నపిల్లలు నిలబడి ఉంటే వెళ్లి పక్కకి జరిపేవాడు. కారణం మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఒక ఆదివారం పొద్దున కూతురు వాకిట్లో హారన్ కొట్టింది. అదే కారు. చవక రకం.

"నాన్నా, నువ్వు చేసిన కారే! వేరేది కొందామని మీ అల్లుడు ఎంత పోరినా వినలేదు. ఎక్కు, ఎక్కి కూర్చో!"

తాళంచెవి ఆయన చేతిలో పెట్టింది. తండ్రి పనితనమంటే ఎంత గర్వమో పిచ్చిదానికి.

మాస్టారు కూర్చున్నాడు. కూతురు కిటికీ దగ్గర వంగి నవ్వుతోంది. ఎదురుగా పూలకుండీ, గేటు.

"తాతా, నేను కనబడుతున్నానా?"

మనవరాలి గొంతు. నాలుగేళ్లది. సరిగ్గా ముందు మూల నుంచే వచ్చింది. మాస్టారు రెప్పవేయకుండా చూశాడు. పూలకుండీ ఉంది, గేటు ఉంది, పిల్ల లేదు.

"చెప్పు తాతా!"

గబుక్కున దిగి, రెండంగల్లో వెళ్లి పిల్లని ఎత్తుకున్నాడు. గట్టిగా హత్తుకున్నాడు.

"ఏమైంది నాన్నా? తాళం ఇలా ఇవ్వు, కారు పక్కకి పెడతా" అంటూ కూతురు చెయ్యి చాపింది.

"ఇవ్వను."

"అదేంటి?"

"ఆ స్తంభానికి మట్టి అంటించింది నేనేనమ్మా. దాని వెనక పిల్ల ఉంటే కనబడదని నాకు అప్పుడే తెలుసు. అడిగారు కూడా. చెప్పలేదు. ఇవ్వను, చచ్చినా ఇవ్వను."

తాళంచెవి అరచేతిలో గుచ్చుకుంటున్నా పిడికిలి విప్పలేదు. కూతురి మొహంలో నవ్వు ఆరిపోయింది. ఆమె ఇంకేదో అడగబోతుంటే, వీధి చివర అలాంటి కారే ఇంకొకటి మలుపు తిరిగి, పిల్లలు ఆడుకుంటున్న పార్కు వైపు వెళ్లింది.