తెల్ల ఎలుకల వంశం

పొద్దున వంటింటి బోనులో ఎలుక పడింది. ఛత్రినాకలో మురికి నాలా పక్కన ఇల్లున్న వాళ్లకు ఇదేమీ వింత కాదు. "నీళ్లల్ల ముంచు, అయిపోతది" అని చెప్పి పక్కింటి అక్క తన పనిలో పడింది. నేను మాత్రం బోను పట్టుకుని అలాగే నిలబడిపోయాను. బాపు గుర్తొచ్చాడు. ఆయన పోయి రెండేళ్లయింది.

బాపు ఒక పరిశోధన సంస్థలో ప్రయోగాల కోసం తెల్ల ఎలుకల్ని పెంచేవాడు. ఆ వాసనకు అమ్మ బకెట్ నీళ్లు వాకిట్లోనే సిద్ధంగా పెట్టేది. స్నానం కాకుండా గడప దాటనిచ్చేది కాదు. అన్నాచెల్లెళ్లను జతకట్టించడం, వాటి పిల్లల్లో మళ్లీ అన్నాచెల్లెళ్లను జతకట్టించడం, అదీ ఆయన పని. "గివేం మాటలు, బిడ్డ ముంగట!" అని అమ్మ చెవులు మూసుకునేది. బాపు నవ్వేవాడు. "గట్ల ఇరవై తరాలు నడిపిస్తెనే అన్నీ ఒక్క తీరుంటయి. ఎలుకకు ఎలుకకు ఫరక్ లేకుంటెనే మందు పనిచేసిందో లేదో తెలుస్తది." ప్రతి పంజరానికీ ఒక కార్డు. తల్లి, తండ్రి, పుట్టిన రోజు, ఎన్నో తరం, అన్నీ గుండ్రటి అక్షరాలతో రాసేవాడు. నా పుట్టినరోజు మాత్రం అమ్మ గుర్తుచేయాల్సిందే. నాకు ఆ ఎలుకలంటే కుళ్లు.

అక్కడ ఒక కట్టుబాటు ఉండేది. నేల మీద దొరికిన ఎలుకను చంపేయాలి తప్ప మళ్లీ పంజరంలో వేయకూడదు. పక్క గదిలో ఇంకో వంశం ఉంది, అవీ తెల్లవే, చూసి పోల్చుకోలేం. ఒకరోజు మూత సరిగా పడని పంజరం కింద కడుపుతో ఉన్న ఎలుక దొరికింది. బాపు దాన్ని ఎత్తి ఆ పంజరంలోనే పెట్టేశాడు. సాయంత్రం చాయ్ తాగుతూ, "నా పిల్లను నేను గుర్తువట్టనా?" అన్నాడు. నేను చప్పట్లు కొట్టాను. ఆ చప్పట్లకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

అది పక్క గది ఎలుక. దాని పిల్లలు పెరిగి మిగతావాటితో కలిసిపోయాయి. కొన్ని నెలలకు పరీక్ష చేశారు. ఒకదాని చర్మం ముక్క ఇంకోదానికి అతికిస్తారు. వంశం కలుషితం కాకుంటే అది నిలుస్తుంది. ఈసారి ఊడిపోయింది. తప్పు ఎవరిదో ఎవరికీ తెలియదు, బాపు నోరు మెదపకుంటే ఎప్పటికీ తేలేది కాదు. తనే వెళ్లి చెప్పేశాడు. పంజరాలన్నీ ఖాళీ చేయాలన్నారు. ఆ పని తన చేతులతోనే చేస్తానని అడిగి మరీ చేశాడు.

ఆ సాయంత్రం నీళ్లు పోసుకోకుండా వాకిట్లోనే కూర్చున్నాడు. "ఒక్కదాని మీద జాలి పడ్డ బిడ్డా, అన్నిటిని చంపుకున్న" అని ఏడ్చాడు. బాపు ఏడవడం నేను చూసింది అదొక్కసారే. అమ్మ చెంబుతో తనే నీళ్లు పోసింది.

ఇవాళ బోను తీసుకుని గల్లీ చివరిదాకా నడిచాను. నేను పుట్టకముందే మొదలైన ఆ వంశం ఒక్క పూటలో ఆగిపోయింది. బాపు జాలి మాత్రం ఇన్నేళ్లు దాటి ఇంకో తరానికి వచ్చి, నా చేత బోను తలుపు తీయించింది.