తపసి బంక తాగిన సేటు

నా చిన్నప్పుడు, ఒక మనిషి నాశనమైపోవాలని నేను మొదటిసారి దేవుడికి మొక్కుకున్నది ఒక చెట్టు కోసం. భద్రాచలం అడవి అంచున, మా ఊరి గుట్ట మీద తెల్లటి బెరడుతో తపసి చెట్లు ఉండేవి. వాటి బంక తీసి సంతలో అమ్మి మా అమ్మమ్మ నన్ను సాకింది. బెరడు మీద అరచేతి మేర పైపైన గీసి, కారిన బంక తీసుకునేది. ఆ గాయం పూడేదాకా మళ్ళీ ఆ చెట్టు జోలికి పోయేది కాదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో వరుసగా వానలు తప్పాయి. సరిగ్గా అప్పుడే బంక కొనే సేటు ఒకడు పొరుగూరి కూలీలను దింపి, గొడ్డళ్ళతో చేవ దాకా నరికించాడు. బంక ధార కట్టింది. తేమ లేని నేలలో ఆ గాయాలు మానలేదు. మా చెట్లు నిలబడ్డచోటే ఎండిపోయాయి. అమ్మమ్మ ఏడవలేదు, పళ్ళు కొరికింది. నేనూ కొరికాను.

ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం ఆ సేటే చెమటలు కక్కుతూ మా పందిరి కిందికి వచ్చి, చల్లగా ఏమైనా ఇమ్మన్నాడు. చలువకని మేము చిటికెడు తపసి బంకను రాత్రంతా నానబెట్టి బెల్లం నీళ్ళలో కలుపుకుంటాం. అమ్మమ్మ నానని బంకను దంచి, చిటికెడు కాదు, గుప్పెడు తీసి బెల్లం నీళ్ళ చెంబులో పోసింది.

"జర నాననియ్యి సేటూ, ఇప్పుడే తాగకు" అంది. రేపు ఎవరూ తనను వేలెత్తి చూపకూడదు కదా!

"గంతసేపు ఎవడాగుతడు ముసలమ్మా, జల్దీ ఇటియ్యి" అంటూ వాడు గటగటా తాగేశాడు. ఇంకో చెంబు అడిగి మరీ తాగాడు.

చెంబులో ఉబ్బాల్సిన బంక వాడి కడుపులో ఉబ్బింది. సాయంత్రానికి పొట్ట డోలులా బిగిసింది. ఆ పైన తుప్పల వెంట వాడు తిరిగిన తిరుగుడు ఊరంతా చూసింది. నేను పడీపడీ నవ్వాను. ఆగలేనివాడికి శిక్ష వేయడానికి పెద్దగా కష్టపడక్కర్లేదు, వాడు అడిగింది అడిగినట్టు ఇస్తే చాలని ఆ రోజే తెలిసింది.

"పగ తీరిందా అమ్మమ్మా?" అని అడిగాను.

"ఏడ తీరింది బిడ్డా! వాని కడుపు రేపటికి తగ్గుతది. నా చెట్టు లేస్తదా?" అంది.

ఇప్పుడు ఎండలు ఇంకా ముదిరాయి. గుట్టంతా వెతికినా తపసి చెట్టు కనిపించదు. ఎప్పటి సంగతో కదా, ఇంక మరిచిపొమ్మని మా వాళ్ళు నాకు చెబుతుంటారు. వాళ్ళను మిట్టమధ్యాహ్నం ఆ బోడిగుట్ట ఎక్కించి, ముందు నాకు కాస్త నీడ చూపించండి, అప్పుడు మరిచిపోతానంటాను.