ముగ్గురు దశరథరామయ్యలకు పట్టే ట్యాగు

మా అక్క రాజ్యశ్రీ మొండిది. ఇది తిట్టు కాదు, తమ్ముడిగా పుట్టి మొట్టికాయలు తిని తెలుసుకున్న సంగతి. జగ్గయ్యపేటలో మాది హోల్‌సేల్ కిరాణా. బీఎస్సీ అయ్యాక కొట్లో కూర్చోమని నాన్న అంటే ససేమిరా అని, మేడమీద గదిలో రెండు కంప్యూటర్లు పెట్టుకుని ప్రోగ్రాములు రాసిచ్చే పని మొదలెట్టింది. "ఈ మిర్చి సీజన్ దాకా చూస్తా. ఒక్క పనైనా నిలబెట్టుకోలేకపోతే ఆ డబ్బాలు అమ్మేసి కొట్లోకి రావాలి" అన్నాడు నాన్న. అది 2003.

ఆ ఒక్క పని చిల్లకల్లు దగ్గర జగన్నాథరావు గారి కోల్డ్ స్టోరేజీలో దొరికింది. రైతులు దాచుకున్న మిర్చి ఏ గదిలో ఉందో తెరమీద కనిపించాలి. ఒక్కో రైతుకీ ఆ తెరమీదే పేరు రాసిన చిన్న పట్టీ ఉంటుంది. దాన్నే అక్క ట్యాగు అనేది. నొక్కితే ఆయన బస్తాల వివరాలు వస్తాయి. ట్యాగులన్నీ ఒకే వెడల్పు ఉండాలని జగన్నాథరావు గారి పట్టు. "తెర చూస్తే ముచ్చటగా ఉండాలమ్మా" అన్నారు. అక్క సరేనంది. పట్టని పేర్లు చివర తెగిపోయి చుక్కలు పడ్డాయి.

మా వైపు తాత పేరు మనవలకి పెడతారు కదా! పెనుగంచిప్రోలులో పోలవరపు వారి అన్నదమ్ములు ముగ్గురూ తమ పెద్దకొడుకులకి తమ తండ్రి దశరథరామయ్య పేరే పెట్టుకున్నారు. ఇంటిపేరూ ఒకటే, పేరూ ఒకటే. తేడా అంతా చివర రాసే తండ్రి పేరులో. సరిగ్గా అక్కడే కత్తెర పడింది. ఇంకేముంది, ఒక దశరథరామయ్య తన మిర్చి అడిగితే ఇంకో దశరథరామయ్య మిర్చి బయటికొచ్చి గుంటూరు లారీ ఎక్కింది. అసలాయన అప్పుడే గేటు దగ్గరికి రాబట్టి సరిపోయింది. "నా సరుకు అమ్మమని ఎవడు చెప్పాడయ్యా మీకు?" అంటూ బస్తాలు దించేదాకా కేకలు ఆపలేదు.

"సోమవారానికి బాగుచెయ్యమ్మా. లేదంటే నీ కంప్యూటర్ పట్టుకుపో" అన్నారు జగన్నాథరావు గారు.

నేను ఊరుకోలేక, "అక్షరాలు చిన్నవి చెయ్యక్కా" అన్నా. "గుమాస్తా శాంతయ్య గారికి కళ్లజోడు నువ్వు కొనిస్తావా?" అని కసిరింది. ఇంటిపేర్లు కొట్టేయమని జగన్నాథరావు గారి సలహా. "ఇంటిపేరు తీసేస్తే రైతులు ఊరుకుంటారా అండి?" అంది. ఆదివారం అన్నం కూడా తెర ముందే తింది. చివరికి తేల్చేసింది. పేరు ఎంతుంటే ట్యాగు అంత. మరీ పొడుగైతే రెండో వరుసలోకి దిగుతుంది. అంతేగానీ ఒక్క అక్షరం తెగడానికి వీల్లేదు.

సోమవారం తెర చూసి ఆయన మొహం చిట్లించారు.

"ఇదేంటమ్మా, ఒకటి పొట్టి, ఒకటి పొడుగు, అడ్డదిడ్డంగా!"

"పేర్లే అలా ఉన్నాయండి. నేనేం చెయ్యను?"

ముగ్గురు దశరథరామయ్యలకీ అక్క ముందే కబురుపెట్టింది. వాళ్లు చెప్పులు విప్పి లోపలికొచ్చి, ఎవరి ట్యాగు వాళ్లు వేలు పెట్టి చూపించారు. ఒక్కరూ తడబడలేదు. లారీ ఎక్కిన మిర్చి ఆసామి తన తండ్రి పేరు దాకా పైకి చదువుకుని, "ఆఁ, ఇప్పుడు ఇది నేను" అన్నాడు. ఏం చెప్పను, నాకు కళ్లనీళ్లు తిరిగాయి.

జగన్నాథరావు గారు కాసేపు గడ్డం గోక్కున్నారు. "సరే, ఉంచు. నందిగామలో మా బావ స్టోరేజీకి కూడా ఇదే పెట్టమ్మా. కాకపోతే అక్కడైనా ట్యాగులన్నీ సమానంగా..."

"పెడతానండి" అంది అక్క. "వెడల్పు మాత్రం నేను చెప్పిందే."