సగంలో లేచిపోయే సూర్యప్రకాశం గారు

మా సూర్యప్రకాశం గారికి ఒక్కటే జబ్బు. ఏ పనీ చివరిదాకా కూర్చుని చెయ్యరు, సగంలో లేచిపోతారు. టీ సగం తాగి లేస్తారు, ఉత్తరం సగం రాసి లేస్తారు. ఒకరోజు మంగలి షాపులో కుడిచెంప గీయించుకుని, ఎడమచెంప మీద సబ్బునురగతో సరాసరి ఆఫీసుకొచ్చేశారు. "ఏంటండీ ఈ అవతారం?" అన్నాను. "మధ్యలో ఒక ఆలోచన వచ్చిందండీ. రెండో చెంప అయ్యేదాకా అది ఆగేట్టు లేదు" అన్నారు.

రాజమండ్రిలో మాది బియ్యం మీద పరిశోధన చేసే చిన్న కేంద్రం. ఆయన సైంటిస్టు, నేను హెడ్ క్లర్కుని, పేరు శశిభూషణ్. సైంటిస్టులు బయటికెళ్తే ఎక్కడికి, ఎందుకు అని రాసే రిజిస్టరు నా బల్ల మీదే ఉండేది. మిగతావాళ్ళకి నెలకో పేజీ పడితే ఈయనకి వారానికో పేజీ. "ధవళేశ్వరం. వల అల్లుట నేర్చుకొనుటకు." "హార్మోనియం బాగుచేయువారి వద్దకు." "ఆత్రేయపురం. ఊరికే." ఊరికే ఏంటండీ, గవర్నమెంటు రిజిస్టరులో! తనిఖీ వాళ్ళొస్తే సమాధానం చెప్పుకోవాల్సింది నేను కదా. నేను బీపీ మాత్రలు మొదలెట్టింది ఆయన మా ఆఫీసుకి వచ్చిన ఏడాదే.

ఆయన భార్య మాణిక్యాంబ గారి దగ్గర మొర పెట్టుకుంటే ఆవిడ నవ్వేసేవారు. "ఆయన పూర్తిచేసిన పని ఒక్కటేనండీ, మా పెళ్ళి. అదీ రెండు ముళ్ళు వేసి, సన్నాయి వాయించే ఆయన వేళ్ళు ఎలా ఆడుతున్నాయో చూసొస్తానని లేవబోయారు. మా నాన్నగారు చెయ్యి పట్టుకుని మూడోది వేయించారు."

ఒకసారి ఉండబట్టలేక అడిగేశాను. "ఒక్క పని పట్టుకుని కూర్చోవచ్చు కదండీ?"

"మీ ఇంట్లో అట్లు పోస్తారా?"

"పోస్తారు."

"పెనం మరీ కాలిపోతే?"

"కాసేపు దింపుతారు."

"నా బుర్ర కూడా అంతేనండీ. దించకుండా పోస్తే అన్నీ మాడినట్లే" అని, నేను నోరు తెరిచేలోపే లేచి వెళ్ళిపోయారు.

తొంభై ఏడులో ఆయన కింద రామతులసి అనే అమ్మాయి పీహెచ్‌డీ చేస్తుండేది. నెమ్మదైన పిల్ల, గట్టిగా తుమ్మడానికి కూడా మొహమాటపడేది. నూకల పిండితో పల్చటి రేకు చేసి, ప్లాస్టిక్ బదులు తినే సరుకులకి చుట్టాలని ఆ అమ్మాయి ప్రయత్నం. గాజుపలక మీద పిండి పోసి, అంచులు ముడుచుకోకుండా నాలుగు వైపులా టేపు వేసి ఆరబెట్టేది. తెల్లారేసరికి రేకు ఎండాకాలం చెరువులా బీటలు. మార్చి నెలాఖరులోగా రేకు రాకపోతే ప్రాజెక్టు మూసేస్తామని డైరెక్టరు గారు చెప్పేశారు. ప్రాజెక్టు పోతే ఆ పిల్ల మూడేళ్ళ చదువూ దాంతోపాటే గోదాట్లో కలుస్తుంది.

అలాంటప్పుడు ఈ మహానుభావుడు ఏం చేశారు? ఫిబ్రవరిలో ఒక పొద్దున్నే "అమ్మాయ్, పద, ధవళేశ్వరం, ఆత్రేయపురం వెళ్ళొద్దాం" అన్నారు. డైరెక్టరు గారు తల పట్టుకుని, ఈయన ఏం వెలగబెడతాడో చూసి రమ్మని నన్ను తోడు పంపారు. పూతరేకులు కొనుక్కోవాలని మాణిక్యాంబ గారు కూడా బస్సెక్కారు.

ధవళేశ్వరంలో ఈయనకి వల అల్లడం నేర్పే బుల్లియ్య గోదారి గట్టు మీద కూర్చుని వలని తాడుకి కడుతున్నాడు. "గురువుగారు నా దగ్గర ఏడు వలలు మొదలెట్టారండి. ఏడూ నేనే పూర్తి చేశానండి, ఆయ్" అని నాకు చెప్పాడు. రామతులసి వల కేసి చూసి, "ఇంత వదులుగా కడుతున్నారేంటండీ?" అంది. "బిగించి కడితే మొదటి చేపకే చిరిగిపోద్దమ్మా" అన్నాడు బుల్లియ్య. నేను నీడలో కూర్చుందామనుకునేలోపు సూర్యప్రకాశం గారు లేచారు. "పదండి పదండి, ఆత్రేయపురం బస్సుకి టైమైంది!"

అక్కడ పూతరేకులు తీసే రామలక్ష్మి గారు బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పల్చటి పిండిలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్క లాగు లాగారు. రేకు దానంతటదే అంచుల దగ్గర లేచొచ్చింది. సూర్యప్రకాశం గారు ముందుకి వంగి, "చూశావా అమ్మా, ఆ అంచు..." అని ఆగిపోయారు. "ఇక్కడ జామకాయలు ఎక్కడ దొరుకుతాయో" అంటూ వీధిలోకి వెళ్ళిపోయారు. నాకు ఒళ్ళు మండిపోయింది. చెప్పేదేదో చెప్పి చావచ్చు కదా!

రామతులసి మాత్రం కుండనే చూస్తోంది. ఇంకో రేకు తీయించింది, మరొకటి తీయించింది. ఉన్నట్టుండి, "శశిభూషణ్ గారూ! దీని అంచుల్ని ఎవరూ పట్టుకోవట్లేదండీ! ఆరేటప్పుడు రేకు దగ్గరకి లాక్కుంటుంది, మనం టేపు వేసి కదలనివ్వట్లేదు, అందుకే బీటలు!" అని అరిచింది. ఆ పిల్ల గొంతు అంత పెద్దదని నాకు అప్పుడే తెలిసింది.

ఆ తర్వాత నెల రోజులు టేపు పారేసి, గుండ్రటి స్టీలు గిన్నెల వెనకవైపు పిండి పూసింది. మార్చి ఇరవైకల్లా బీట లేని రేకు తయారైంది. ఇక హైదరాబాదు నుంచొచ్చిన పెద్దల ముందు చెప్పి ఒప్పించడమే మిగిలింది.

ఆ రోజు పిల్ల మెల్లగా మొదలెట్టింది. సరిగ్గా సగంలో సూర్యప్రకాశం గారు లేచారు. "వల మిగిలిపోయిందండీ, వస్తాను" అని బయటికి నడిచారు. రామతులసి చెప్తున్న మాట ఆపి గుమ్మం కేసి చూసింది. ఇవాళ కూడానా! నాలుగు మాటలు అనేద్దామని నేనూ వెనకాలే వెళ్ళాను.

హాలు వెనక కిటికీ కింద, బోర్లించిన బకెట్ మీద కూర్చుని వల అల్లుతున్నారు. నన్ను చూసి వేలు పెదవుల మీద పెట్టుకున్నారు. "నేను లోపలుంటే ప్రశ్నలన్నీ నన్నే అడుగుతారండీ. పని ఆ పిల్లది, పేరు నాకు కట్టేస్తారు."

లోపల ఎవరో పెద్దాయన అడిగారు. "అంచులు వదిలెయ్యాలన్నది ఎవరి ఆలోచన?"

 అమ్మాయి గొంతు స్పష్టంగా వినిపించింది. "నాదేనండీ. బుల్లియ్య గారి వల, రామలక్ష్మి గారి కుండ చూశాక తట్టింది. సార్ తీసుకెళ్ళి చూపించారు." మరో పది నిమిషాలకి ప్రాజెక్టు ఉంటుందని చప్పట్లతో సహా తేలిపోయింది.

"మీకు ముందే తెలుసు కదండీ?" అన్నాను.

"సగం తెలుసండీ. మిగతా సగం ఆ పిల్లకి వదిలేశాను" అన్నారు. ఆ వెంటనే వల నా ఒళ్ళో పడేసి, "కాస్త పట్టుకోండి, చెప్పులు కుట్టే సామ్యేలు దారానికి మైనం ఎందుకు రాస్తాడో కనుక్కునొస్తా" అని చక్కాపోయారు.

నేను సీటుకొచ్చి రిజిస్టరు తెరిచాను. ఆయన పేరు ఎదురుగా నా చేత్తోనే రాశాను: "ఎక్కడికీ వెళ్ళలేదు. డ్యూటీలోనే ఉన్నారు."