పెరికిన చేత్తోనే

అనపకాయలు ఒలిస్తే వేళ్ళకు ఒక జిడ్డు అంటుకుంటుంది. సబ్బుతో కడిగినా పోని పచ్చి వాసన. మా చిత్తూరు జిల్లాలో మార్గశిరం వచ్చిందని పంచాంగం కంటే ముందు ముక్కే చెబుతుంది. ఈ ఉదయం తిరుపతిలో మా ఇంటి వసారాలో కూర్చుని గింజల తోలు పితికి వండే పితికిపప్పు కోసం ఈ చిక్కుడు జాతి కాయలు ఒలుస్తున్నాను. ఉద్యోగ విరమణ తర్వాత మా ఆవిడ నాకిచ్చిన పదోన్నతి ఇది. గింజలు పడడానికి పరుచుకున్న కాగితం ఏమిటా అని చూస్తే, నేను పనిచేసిన వ్యవసాయ శాఖ వారి కరపత్రం: ‘వేరుశనగలో అంతర పంటలు – చిన్న రైతుకు కొత్త దారి’. కొత్త దారట! ఒళ్ళు మండిపోయింది. ఆ దారిలో నడిచిన మనిషిని నేనెరుగుదును. ఆ దారికి అడ్డం పడ్డ మనిషిని ఇంకా బాగా ఎరుగుదును. రోజూ గడ్డం గీసుకునేటప్పుడు అద్దంలో కనిపిస్తాడు.

డెబ్బయ్యవ దశకం చివర బంగారుపాళ్యం దగ్గరి ఒక పల్లెకు నన్ను గ్రామసేవకుడిగా వేశారు. పేరుకే నేను సేవకుణ్ణి. మంచం వేయడం నుంచి మజ్జిగ ఇవ్వడం దాకా సేవంతా గ్రామమే చేసేది. అక్కడ మునెమ్మ అని ఒకావిడ ఉండేది. భర్త పోయి చాలా కాలమైంది. నాలుగెకరాల మెట్ట చేను, జత ఎద్దులు, పెళ్ళి కావలసిన కొడుకు మునిరత్నం. ఆ చేనును గట్లతో ఏడు చెక్కలు చేసుకుంది. ఏటా వేసవిలో ఒక్క చెక్కకే చెరువు మట్టి, దిబ్బ ఎరువు తోలేది. మిగతా ఆరింటికీ పిడికెడు కూడా పడేది కాదు.

“అన్నిటికీ తలా కాస్తా వేయొచ్చు కదమ్మా?” అన్నాను, చదువుకున్నవాణ్ణి కనుక.

“తలా ఒక ముద్ద పెడితే ఎవురి కడుపు నిండుతాది సారూ? ఏటికొక సెక్కకు నిండా పెడతా. తక్కినవి అనపాకు, కందాకు రాలితే తిని బతకల్ల. మళ్ళా దాని వంతు ఏడో ఏటికి. నా మనవడు మడక పట్టి దున్నేనాటికి ఈ సెక్కలు మూడు తూర్లు తిరిగుంటాయి.”

మనవడి సంగతి దేవుడెరుగు, మునిరత్నానికి పిల్లనే చూడలేదు అప్పటికి. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. వేరుశనగ ఎనిమిది సాళ్ళకు ఒక సాలు అనప, కంది కలిపి ఎందుకు వేస్తుందో మాత్రం పంతులమ్మలా చెప్పింది. “సెనక్కాయ వానకు పండుతాది. అనప మంచుకు కాస్తాది. వాన మొండికేస్తే మంచన్నా మనకింత కూడు పెట్టల్ల గదా.”

ఆ ఏడు నాకొక ప్రదర్శన క్షేత్రం కావలసి వచ్చింది. మునెమ్మ కాళ్ళావేళ్ళా పడితే ఒక చెక్క ఇచ్చింది. “నీ కొత్త ఇత్తనం ఏసుకో. నా సాళ్ళ జోలికి మాత్రం రావాకు” అంది. సరేనన్నాను. చెక్క గట్టు మీద పచ్చరంగు రేకు బోర్డు పాతాను.

శ్రావణం దాటాక పైఅధికారి చూడడానికి వస్తున్నారని కబురు. మా పుస్తకంలో వేరుశనగ అంటే వేరుశనగే. మధ్యలో ఇంకొక తీగ కనిపిస్తే అది కలుపు కింద లెక్క. మునెమ్మ ఊళ్ళో లేదు, కూతురి కాన్పుకని తిరుచానూరు వెళ్ళింది. మునిరత్నానికి ఆ బోర్డు మీద మహా మోజు. ఇద్దరం కలిసి ఒక్క పూటలో ఆ చెక్కలోని అనప, కంది సాళ్ళన్నీ పెరికి అవతల పారేశాం. అధికారి వచ్చి, గట్టు మీదే నిలబడి, “చేనంటే ఇట్లుండాలయ్యా!” అని నా భుజం తట్టారు. ఆ భుజాన్ని రెండు రోజులు తడుముకుంటూ తిరిగాను.

మూడో రోజు మునెమ్మ బస్సు దిగి, ఇంటికి కూడా పోకుండా నేరుగా చేనికి వచ్చింది. వాడిన తీగ ఒకటి చేతిలో పట్టుకుని నిలబడింది.

“ఎవురు పెరికినారు?”

మునిరత్నం ఎద్దుల చాటుకు జరిగాడు. నేను గొంతు సవరించుకుని, “శాఖ వాళ్ళు తీయించేశారమ్మా” అన్నాను.

“శాఖకు సేతులుండాయా?”

నేను చేతులు వెనక్కి దాచుకున్నాను. ఆమె వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని తిప్పి చూసింది. గోళ్ళలో ఇంకా ఆ జిడ్డు నల్లగా ఉంది. “ఈ సెక్కకు మట్టి తోలి రెండేండ్లయింది. మళ్ళా పడేది అయిదేండ్లకి. అందాకా ఇది ఏం తినాల? నీ బోరుడు తినాల్నా? నువ్వు పెరికింది తీగ గాదు, నేల నోటికాడ కూడు.” ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు సుళువుగా ఉండేది. “పెరికిన సేత్తోనే ఎయ్యల్ల. దీనికి మళ్ళా మట్టి పడేదాకా ఏటా తొలకరికి వచ్చి ఈ సాళ్ళు ఏసిపో.”

ఆ ఏడు పూత ఊడలై నేలలోకి దిగి కాయ కట్టే వేళకు వాన మొహం చాటేసింది. వేరుశనగ డొల్లకాయలైంది. తక్కిన చెక్కల్లో అనప మంచు తాగి విరగకాసింది. నా చెక్కలో ఏమీ లేదు, రాలడానికి ఆకు కూడా. జరిగింది జరిగినట్టు నివేదిక రాశాను. పైవారు దాన్ని కొట్టేసి ‘వర్షాభావం’ అని ఒక్క మాట రాశారు. వాన వచ్చి కాదనదు గదా! ఆ కాగితం తలుచుకుంటే ఇప్పటికీ నాకు పళ్ళు నూరుకోబుద్ధవుతుంది. ఆ రేకు బోర్డును మునెమ్మ పీకి, సజ్జ చేలో చిలకలను తోలడానికి కట్టెతో వాయించేది. మా శాఖ సందేశం అంత గట్టిగా ఎప్పుడూ వినపడలేదు.

ఏటా వెళ్ళాను. నాయుడుపేటకు బదిలీ అయినా, పెద్దమ్మకు ఒంట్లో బాగాలేదని సెలవు పెట్టి బస్సెక్కేవాణ్ణి. “మీ పెద్దమ్మకు ఏటా తొలకరికే జబ్బు చేస్తుందేమయ్యా?” అని అక్కడి అధికారి ఆశ్చర్యపోయేవారు. మడక వెనక వంగి గింజలు వదులుతుంటే మునెమ్మ గట్టు మీది నుంచి, “అబ్బోడా, దగ్గిరగా పడతాండాయి! సంతకం పెట్టినట్టు ఆ తొందరేందప్పా?” అని కసిరేది. మెచ్చుకోలు ఒక్కనాడూ లేదు.

అయిదో ఏడు వెళ్ళేసరికి ఆ చెక్క మీద చెరువు మట్టి నల్లగా పరిచి ఉంది. సాళ్ళు వేశాను. ఆమె దిగి వచ్చి ఒక పెళ్ళ తీసి నలిపి చూసింది. “ఇంక నువ్వొచ్చే పన్లేదు” అంది. ఎందుకో చివుక్కుమంది. “నేల తేరుకుందా అమ్మా?” అని అడిగాను. “నా మనవణ్ణి అడుగు, వాడు దున్నేటప్పుడు” అని వెనక్కి తిరిగింది. మునిరత్నం కొడుకు అప్పుడు గట్టు మీద చీరె ఉయ్యాలలో నిద్రపోతున్నాడు.

ఇప్పుడు ఆ ఊరి చుట్టూ గుజ్జు ఫ్యాక్టరీల కోసం మామిడి తోటలు. ఆ చెక్కలు ఏడూ మాత్రం తిరుగుతూనే ఉన్నాయి. దున్నేది ఆ మనవడే. మునెమ్మ లేదు. కరపత్రంలో ఆమె పేరూ లేదు.

ఆ కరపత్రంతోపాటు ఆహ్వానం కూడా వచ్చింది, అనుభవజ్ఞుడినట, ఈ సాయంత్రం సభలో నాలుగు మాటలు చెప్పాలట. వెళతాను. ‘గతంలో కొన్ని పొరపాట్లు జరిగిపోయాయి’ అని వేదిక మీద ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. అప్పుడు లేచి నా రెండు చేతులూ చూపిస్తాను. అందుకే ఈ జిడ్డును కడుక్కోలేదు.