మా హాల్లో నిరుద్యోగి ఒక్కడూ లేడు

దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక కోచింగ్ సెంటర్‌లో తొమ్మిదేళ్లు ఎకానమీ చెప్పాను. ఉద్యోగం లేనివాళ్లకు నిరుద్యోగం మీద పాఠం చెప్పి జీతం తీసుకున్నదాన్ని. అందులో వింతేమైనా ఉందని చాలాకాలం నాకు తోచనే లేదు. ప్రచ్ఛన్న నిరుద్యోగం, నిర్మాణాత్మక నిరుద్యోగం అని నేను బోర్డు మీద రాస్తుంటే హాలు నిండా పిల్లలు తలలు వంచుకుని రాసుకునేవాళ్లు. ఏ రకం కిందికి తాము వస్తారో ఎవరూ అడగలేదు. పరీక్షలో ఆ ప్రశ్న రాదు కాబట్టి నేనూ చెప్పలేదు.

మా డైరెక్టర్ గారు గుంటూరు వైపునుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషి. దేశం ఎంత కుంగితే మనం అంత లేస్తాం అని స్టాఫ్ మీటింగుల్లో ధైర్యం చెప్పేవారు. అందులో అబద్ధం లేదు. బయట కొలువులు ఊడినప్పుడల్లా జనం సర్కారు కొలువు మీద ఆశ పెట్టుకుని మా మెట్లెక్కేవాళ్లు. కానీ ఆ ఏడాది మాత్రం ఆయన అంచనా తప్పింది. సాఫ్ట్‌వేర్ కంపెనీలు మనుషుల్ని తీసేస్తున్నాయని పేపర్లో రోజూ వార్తే, అయినా మా హాలు నిండలేదు. నోటిఫికేషన్లు రాలేదు. ఇళ్ల దగ్గర పరిస్థితి బాగాలేక పిల్లలు హాస్టళ్లు ఖాళీ చేసి ఊళ్లకు వెళ్లిపోతున్నారు. మొదట వెనక బెంచీలు ఖాళీ అయ్యాయి, తర్వాత మధ్యవి.

ఆయన నన్ను పిలిచి, ఉన్నవాళ్లు జారిపోకుండా శనివారం శనివారం డిబేట్ పెట్టమన్నారు. "వేడి మీదుండే టాపిక్ ఇవ్వండి మేడం. గొడవైనా పర్లేదు, ఖాళీ హాలు కంటే నయమే కదండీ" అన్నారు. నిరుద్యోగం, వలసలు, సంక్షేమం అని బోర్డు మీద రాశాను.

మొదటి శనివారం ముందుగా లేచింది దేవరకొండ వైపు పల్లె నుంచి వచ్చి ఆరేళ్లుగా గ్రూప్స్‌కు చదువుతున్న అతను. అందరికంటే ముందొచ్చి మొదటి బెంచీలో కూర్చునేవాడు. ముప్పై దాటాయి. బీహారు, ఒడిశాల నుంచి వచ్చినవాళ్లు తక్కువ కూలికి ఒప్పుకుని ఇక్కడివాళ్ల నోటికాడి కూడు లాక్కుంటున్నారనీ, పైగా వాళ్లకు ఇక్కడ రేషన్ ఇవ్వడమేమిటనీ గట్టిగా వాదించాడు. చప్పట్లు బాగానే పడ్డాయి.

ఎల్బీనగర్‌లో పుట్టి పెరిగిన ఒకమ్మాయి లేచింది. వాళ్లది కోస్తా కుటుంబం. మరి మీరు మీ ఊరి నుంచి ఇక్కడికి రాలేదా, అది వలస కాదా అని అడిగింది.

"మాది వలసెట్లయితది? మా రాష్ట్రంల మేం తిరుగుతున్నం" అన్నాడతను.

"మా తాతగారు వచ్చినప్పుడు ఆయన కూడా వాళ్ల రాష్ట్రంలోనే తిరిగారండి" అంది ఆ అమ్మాయి.

హాలంతా గొల్లున నవ్వింది. గుమ్మంలో నిలబడి వింటున్న డైరెక్టర్ గారు మాత్రం నవ్వలేదు. సంక్షేమం వైపు తిప్పండి అని నాకు చేత్తో సైగ చేశారు. గొడవైనా పర్లేదన్నప్పుడు ఆయన ఈ గొడవను లెక్కలో వేసుకోలేదు.

సంక్షేమం వైపు తిప్పాను. ఉచితాలు మనుషుల్ని సోమరులను చేస్తున్నాయని మళ్లీ అతనే అందుకున్నాడు. బస్సు ఉచితం చేశాక ఆడవాళ్లు పని లేకపోయినా తిరుగుతున్నారట. ఆ ఉదయం నేను ఎల్బీనగర్ నుంచి అదే బస్సులో నిలబడి వచ్చాను. జీరో టికెట్ ఇంకా నా పర్సులోనే ఉంది. అధ్యక్షత వహించేవాళ్లు పక్షం తీసుకోకూడదు కాబట్టి ఊరుకున్నాను. అతని హాస్టల్ ఫీజులో కొంత వాళ్లమ్మకు సర్కారిచ్చే పింఛనులోంచే వస్తుందని పక్కనున్న స్నేహితుడు బయటపెట్టాడు. అతను తడబడలేదు. అది మా అమ్మ హక్కు, మిగతావాళ్లకిచ్చేదే ఓట్ల కోసం అన్నాడు.

అక్కడినుంచి వాదన అంకెల మీదికి పోయింది. నిరుద్యోగం పెరిగిందని ఒకరు ఫోన్ చూపిస్తే, తగ్గిందని ఇంకొకరు ఇంకో ఫోన్ చూపించారు. రెండు ఫోన్లూ నా బల్ల మీదికొచ్చాయి. అసలు లెక్క ఎలా కడతారో చెప్పాను. పని చేస్తున్నవాళ్లనూ పని వెతుక్కుంటున్నవాళ్లనూ కలిపితే శ్రామిక శక్తి. సర్వేవాళ్లు అడిగినప్పుడు చదువుకుంటున్నామని చెప్పేవాళ్లు అందులోకి రారు. శ్రామిక శక్తిలోకే రానివాళ్లను నిరుద్యోగులుగా లెక్కపెట్టరు.

అతను మెల్లగా లేచాడు. "ఆరేండ్లసంది నాకు కొలువు లేదు మేడం. నేను నిరుద్యోగిని గాదా?"

"విద్యార్థి అని రాయిస్తే, కాదు" అన్నాను.

"అంటే ఈ హాల్ల నిరుద్యోగి ఒక్కడు గూడ లేడా?"

"లెక్క ప్రకారం లేడు."

అందరూ నవ్వారు. అతను నవ్వలేదు. ఇది బిట్టు వస్తదా మేడం అని వెనకనుంచి ఎవరో అడిగారు. రావచ్చు అన్నాను. అందరూ రాసుకున్నారు.

డిబేట్లు నాలుగు శనివారాలు నడిచాయి. ఐదోవారం నుంచి మొదటి బెంచీ అతను క్లాసులకే రావడం మానేశాడు. నెల తిరక్కుండానే డైరెక్టర్ గారు నాకు టీ తెప్పించారు. ఆయన టీ తెప్పించారంటే మంచి కబురు కాదని స్టాఫ్ అందరికీ తెలుసు. "మిమ్మల్ని తీసెయ్యట్లేదండీ మేడం. వారానికి ఒక గంట మీదే" అన్నారు.

ఆ మాట ఇంట్లో చెప్పలేకపోయాను. మా ఆయనది పోచంపల్లి దగ్గర నేతపని కుటుంబం. ఆయన మాత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణంలో పనిచేస్తారు. ఆయనకు దిగులు పెట్టడం ఎందుకని రోజూ అదే టైముకు తయారై బయల్దేరేదాన్ని. బస్సెక్కి చివరిదాకా పోయి, అదే బస్సులో వెనక్కి వచ్చేదాన్ని. ఆడవాళ్లు పని లేకపోయినా తిరుగుతున్నారన్న మాటకు దిల్‌సుఖ్‌నగర్ రూట్లో సాక్ష్యం నేనే అయ్యాను. కిటికీ పక్కన కూర్చుని ఏడుపు ఆపుకుంటూ ఆ సంగతి తలుచుకుంటే నాకే నవ్వొచ్చింది.

మూడోవారం ఒక పొద్దున నేనింకా బయల్దేరలేదు. ఆ నెలలో మాటిమాటికీ పెడుతున్నట్టే ఆ రోజూ సెలవు పెట్టానంటూ మా ఆయన కూడా ఇంట్లోనే ఉన్నారు. చేతిలో ట్యాబ్‌తో ఒకావిడ తలుపు కొట్టింది. ఉపాధి సర్వే అంది. గడిచిన ఏడు రోజుల్లో ఎప్పుడైనా కనీసం ఒక గంట పని చేశారా అని నన్నడిగింది. మంగళవారం ఒక గంట చేశానన్నాను. పని ఉన్నట్టు నొక్కేసింది.

ఆ నిర్వచనాన్ని తొమ్మిదేళ్లు నేనే డిక్టేట్ చేశాను. అయినా ఆవిడతో వాదనకు దిగాను. ఒక్క గంటను పని ఎలా అంటారు, మిగతా వారమంతా నాకు పని కావాలి, దొరకడం లేదు, నన్ను నిరుద్యోగి అనే రాసుకోండి అన్నాను. ఆవిడ ఓపిగ్గా విన్నది.

"గంట చేసిన్రు గద మేడం. నాది గూడ కాంట్రాక్టే. ఈ సర్వే అయిపోతే నా పని గూడ ఖతమే. ఈ వారానికైతే మనిద్దరికీ కొలువున్నట్టే" అంది.

ఆవిడకు మంచినీళ్లిచ్చి పంపించి వెనక్కి తిరిగేసరికి మా ఆయన పేపరు దించి నా వైపు చూస్తున్నారు. "గంటేంది? రోజు పొద్దుగాల పోతున్నవ్ గద" అన్నారు. ఇక దాచి లాభం లేదని అన్నీ చెప్పాను, బస్సు సంగతితో సహా. కోప్పడతారనుకున్నాను. ఆయన పేపరు మడత పెట్టారు. "దుకాణంల గిరాకి లేదు. నెల్రోజులసంది రోజిడిచి రోజు రమ్మంటున్రు. గీ సెలవు నేను పెట్టింది గాదు" అన్నారు. అప్పటిదాకా ఆ సెలవులన్నీ నామీద ప్రేమతో పెడుతున్నారని నేను అనుకున్నాను.

ఆ తర్వాత ఇద్దరం దాపరికం మాని పని వెతకడం మొదలుపెట్టాం. అబ్దుల్లాపూర్‌మెట్ అవతల ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ టీచరు కావాలంటే వెళ్లాను. పాత జీతంలో సగమే ఇస్తామన్నారు. ఒప్పుకున్నాను. తిరిగొస్తూ పళ్లు కొందామని బాటసింగారం మార్కెట్ దగ్గర దిగాను. మామిడికాయల సీజను. లారీల మధ్యలోంచి ఎవరో మేడం, మేడం అని పిలుస్తూ వచ్చారు. చూస్తే మొదటి బెంచీ అతను. ఎండకు నల్లబడ్డాడు. కమీషన్ దుకాణంలో లారీల లోడింగు చూసుకుంటున్నాడట. పని బాగుందా అని అడిగాను.

"మంచిగనే ఉంది మేడం. ఈడ హమాలీలంత బీహారోళ్లే. బయటోన్ని నేనొక్కన్నే" అన్నాడు.

వాళ్లలో ఇద్దరితో కలిసి గదిలో ఉంటున్నాడట, కిరాయి ముగ్గురూ పంచుకుంటారట. కొంచెం మొహమాటపడి, ఒక డౌటు మేడం అన్నాడు. ఆ ఇద్దరిలో ఒకతనికి వాళ్ల రాష్ట్రం రేషన్ కార్డు ఉంది, దాని మీద ఇక్కడ బియ్యమిస్తారా? ఆ శనివారం అతను దేనికి వ్యతిరేకంగా వాదించాడో నేను గుర్తుచేయలేదు. అతనికి గుర్తున్నట్టు మొహంలో తెలుస్తూనే ఉంది. ఏ రేషన్ దుకాణంలోనైనా వేలిముద్ర వేస్తే ఇస్తారని చెప్పాను.

అతను వెనక్కి తిరిగి, బస్తా మీద కూర్చున్న ఆ కార్డు మనిషికి హిందీలో వివరించాడు. ఆ మనిషి నావైపు చూసి ఏదో అడిగాడు. మావాడు వెంటనే తెలుగులోకి మార్చలేదు.

"ఏమంటున్నాడు?" అన్నాను.

"తీసుకుంటె ఈడోళ్లు ఎవలన్న తిడ్తరా అని అడుగుతున్నడు మేడం."

నేను ఆ మనిషి వైపు కాక ఇతని వైపు చూశాను. ఇతను నేల చూపులు చూస్తూ, తోడుగా తాను వస్తానని అతనికి చెప్పాడు.

తర్వాతి వారం నాకు ఫోన్ చేశాడు. మొదటిరోజు మిషను ఆ హమాలీ వేలిముద్ర తీసుకోలేదట. బస్తాలు మోసి మోసి అతని వేళ్లు అరిగిపోయాయి. రెండోరోజు నాలుగు వేళ్లూ మార్చి మార్చి పెట్టిస్తే తీసుకుందట. వరసలో వెనకున్న ఒకాయన, వీళ్లంతా ఎక్కడినుంచి దిగుతున్నారు అని గొణిగాడట. మరి నువ్వేమన్నావు అని అడిగాను. ఏమీ అనలేదు మేడం, బియ్యం సంచి నేను పట్టుకున్న అన్నాడు.